పెద్దబాపుకు ఆ రంగు ఎక్కించిండ్రా, లేదా?

ఒక్క ఆపరేషన్‌కు రెండు మాటలు చెప్పిండ్రు. మా పెద్దబాపు పోయిన ఆదివారం హన్మకొండల ఒక ప్రైవేటు దవాఖానల కన్నుమూసిండు. ఎందుకు పోయిండో ఇప్పటికీ మాకు తెల్వది.

కొత్తవాడల నేసే జంపఖానాల నూలుకు రంగు అద్దేటోడాయన. నాకు బడి అబ్బలే, ఆయన రంగు మరిగించే డేగిస పక్కన నిలబడే పని నేర్చుకున్న. ఇయ్యాల నేను తినే అన్నం ఆయన పెట్టిందే. ముంచిన నూలు చిలప బయటికి తీయంగనే "మస్తుగొచ్చింది పెద్దబాపూ" అంటే, "ఆగురా. తడి మీద అన్ని రంగులు మంచిగనే కొడతయి. ఎండనీ, అప్పుడు చెప్పు" అనేటోడు. ముందుగాల ఒక చిన్న నూలుముడి ముంచి, గోడ మీద ఆరేసి, ఎండకు పట్టి చూడంది మిగతా నూలు డేగిసల వెయ్యనిచ్చేటోడు కాదు.

ఆయన మెదడుల రక్తనాళం బుడగలెక్క ఉబ్బిందన్నరు. ఆ బుడగకు క్లిప్పు పెట్టి మూస్తమని పెద్ద డాక్టరు నిమ్మళంగ చెప్పిండు: "చేతి నరంల నుంచి ఒక రంగు ఎక్కిస్తం. మైక్రోస్కోపు కెమెరాల రక్తం పారే నాళాలు మెరుస్తయి. బుడగ మూసుకున్నదా, పక్క నాళాలల్ల రక్తం పోతాందా, పుర్రె మూయకముందే కనబడుతది."

పెద్దబాపు నవ్విండు. "పక్కా రంగేనా సారూ? ఉతికితే పోతదా?"

"జరసేపట్ల అదే పోతది పెద్దాయనా."

"అయితే మా దగ్గర నడువది."

పెద్దమ్మ ఆపరేషన్ కాగితం మీద సంతకానికి ఎనుకాడుతాంటే, "సంతకం పెట్టవే. వీళ్లు గూడ చూసుకున్నంకనే మూసేటోళ్లు" అన్నడు. ఆ మాట మీదనే ఆమె పెట్టింది.

ఆపరేషన్ అయినంక ఆయన కండ్లు తెరువలే. పక్క నాళంల రక్తం ఆగిందన్నరు. మరి రంగుల కనబడలేదా అని అడిగిన. చిన్న డాక్టరు "రంగు ఎక్కించి చూసినం, అంతా మంచిగనే ఉండె" అన్నడు. ఆపరేషన్ గదిల పనిచేసే సిస్టరమ్మ "ఆ కెమెరా ఆనాడు నడువలే" అన్నది. చూసినంక గూడ రక్తం ఆగుతదా? ఒక్కోపారి ఆగొచ్చట, ఫోన్ల చదివిన. సగం సమజైంది, సగం కాలే. ఒక గడియ వాళ్లను నమ్ముత, ఇంకో గడియ గల్లా పట్టుకోవాలనిపిస్తది. పెద్దమ్మ మాత్రం ముద్ద ముట్టకుంట ఒక్కటే అడుగుతాంది: "నేనే సంతకం పెట్టి సంపుకున్ననారా?"

ఏం చెప్పాలె ఆమెకు?

వచ్చే బుధవారం ఆయన దినాలు. మంగళవారం పొద్దుగూకేలోపు పెద్ద డాక్టరు మా పెద్దమ్మను ఎదురుంగ కూసోబెట్టుకొని, ఆ రంగు ఎక్కించిండ్రో లేదో, ఎక్కిస్తే కెమెరాల ఏం కనబడ్డదో చూపించి చెప్పాలె. తప్పు జరగకపోతే అదే చెప్పుండ్రి. అప్పటిదాంక, పెద్దబాపు ఆఖరుకు ముంచి గోడ మీద ఆరేసిన ఆకుపచ్చ నూలుముడి ఎవ్వరం తియ్యం.