ఐసోర్ అంటే పుండక్కా

ఆ రోజుల్లో నాకు ఇంగ్లీషు రాదని ఎవరైనా అంటే ఊరుకునేదాన్ని కాదు. రాకపోవడమేమిటి, వరంగల్లో ఇంగ్లీషు మీడియం బడిలో ఆయాను. ఎల్‌కేజీ పిల్లల ముక్కులు తుడుస్తూ 'నోస్', చెవులు కడుగుతూ 'ఇయర్', పుసులు తీస్తూ 'ఐ' అని వాళ్లతో పాటే నేర్చుకున్నదాన్ని. ఒంట్లో ఉన్నవన్నీ వచ్చు, ఇంకేం కావాలి అనుకున్నాను. ఇంగ్లీషులో కన్ను ముఖంలోనే ఉండదని, ఎక్కడ పడితే అక్కడ ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. నిన్న మనవరాలు పరీక్షకు బట్టీ పడుతోంది. 'ఆపిల్ ఆఫ్ మై ఐ' అంటే కంట్లో ఆపిల్ పండు కాదట, ప్రాణంగా చూసుకునే మనిషట. 'కీప్ ఏన్ ఐ' అంటే కన్ను తీసి పక్కన పెట్టడం కాదట, కనిపెట్టుకుని ఉండడమట. వినీ వినీ "ఐసోర్ ఉన్నదా బిడ్డా అండ్ల?" అని అడిగాను. ఉంది. ఆ ఒక్క మాట మా ఇంటిని ముంచిన సంగతి నేను చెబుతుంటే పిల్ల రాస్తోంది. (నా మాటను బడి తెలుగులోకి దిద్దుతోంది. తిట్లు తీయొద్దన్నాను, అయినా తీసేస్తోంది.)

మా ఆయనకు మా బడి గేటు పక్కనే జామకాయల బండి ఉండేది. పైన తుప్పు పట్టిన రేకు, దాని మీద చినిగిపోయిన పాత ఫ్లెక్సీ. ఆ ఫ్లెక్సీ మీద ఎవరో నాయకుడు సగం ముఖంతో దండం పెడుతుండేవాడు. బండి ఎంత వికారంగా ఉన్నా మా పొయ్యి దాని మీదే వెలిగేది. నా ఆయా జీతం పిల్లల చదువుకే సరిపోయేది కాదు. ఒకరోజు ఇంటర్వెల్‌లో ప్రిన్సిపల్ మేడం నన్ను వరండాలోకి పిలిచింది. ఆమెది కేరళ. మంచి మనిషే, కానీ తెలుగు నాలుగు ముక్కలు, మిగతాదంతా ఇంగ్లీషు. గేటు వైపు వేలు చూపించింది. సరిగ్గా అప్పుడే మా ఆయన ఉప్పుకారం కలిపిన చేత్తో కన్ను నలుపుకుని నీళ్లు కారుస్తూ నిలబడ్డాడు. "ఆయా, మీ హస్బెండ్... ఐసోర్. స్కూల్ యానివర్సరీ వస్తోంది కదా. నేను వన్ వీక్ బ్లైండ్ ఐ. తర్వాత నా చేతుల్లో ఏమీ లేదు" అంది. అని, జాలిగా నా భుజం తట్టింది.

'ఐ' నాకు తెలుసు. 'బ్లైండ్' కూడా తెలుసు, క్రిస్మస్‌కు చూపులేని పిల్లలు బ్లైండ్ స్కూల్ నుంచి వచ్చి పాటలు పాడి వెళ్తారు. 'సోర్' ఒక్కటే తెలియదు. పరుగెత్తుకెళ్లి వాచ్‌మన్ను "అన్నా, సోర్ అంటే ఏంది?" అని అడిగాను. వాడు బీడీ తీసి, మందు ట్యూబు మీద చదివిన ధైర్యంతో, "సోర్ అంటే పుండక్కా" అన్నాడు. అంతే. కంట్లో పుండు. వారంలో గుడ్డి. ఆ తర్వాత ఎవరి చేతుల్లోనూ ఏమీ లేదు. చదువుకున్న మేడం దూరం నుంచే చూసి కనిపెట్టిందని ఆమెకు దండం కూడా పెట్టాను.

వారం దాకా బడికి రానని వాచ్‌మన్‌తో చెప్పి, బండి మీద బరకం కప్పేసి, మా ఆయనను చెయ్యి పట్టుకుని ఇంటికి ఈడ్చుకొచ్చాను.

"ఏందే, ఏమైంది? నాకేం కాలేదే!"

"గుడ్డోళ్లందరు మొదలు గట్లనే అంటరు. నువ్వు పండుకో."

పక్కింటి బాలింతను బతిమాలి చనుబాలు తెచ్చి రెండు కళ్లలో పోశాను. మా చర్చి పాస్టరమ్మ పెరట్లో నందివర్ధనం పూలు కొంగు నిండా కోసుకొచ్చి రెప్పల మీద పెట్టి గుడ్డ కట్టాను. చౌరస్తాలో నల్ల కళ్లద్దాలు కొన్నాను. ఆయన గుడ్డ విప్పడం, నేను కట్టడం. "బండి కాడికి పోతనే, కాయలు మెత్తవడతానయి" అంటే, "కండ్లు పోయినంక కాయలేం జేసుకుంటవ్, తడుముకుంట అమ్ముతవా?" అని అరిచేదాన్ని. ఆదివారం గుడికి తీసుకుపోతే పాస్టర్ అందరి ముందూ నల్లద్దాలు తీయించి, కళ్ల మీద చేతులు పెట్టి గట్టిగా ప్రార్థన చేశాడు. కళ్లు తెరిచి "ఏం కనబడుతుంది బిడ్డా?" అని అడిగాడు. మా ఆయన "అంతా కనబడుతాంది అయ్యగారూ, మొదటి నుంచి కనబడుతనే ఉన్నది" అన్నాడు. జనం సగమే విని హల్లెలూయా అన్నారు. నేను మాత్రం నమ్మలేదు. (దేవుడి మీద అనుమానం కాదు, మా ఆయన మీద.)

వారం నిండే రోజు ఉదయమే కంటి దవాఖానకు తీసుకెళ్లాను. డాక్టరు గోడ మీద అక్షరాలు చూపించి చదవమన్నాడు. మా ఆయన గమ్మున కూర్చున్నాడు. ఇంకా పెద్దవి చూపించాడు. గమ్మున కూర్చున్నాడు. నేను నెత్తి కొట్టుకుని ఏడుపు మొదలుపెట్టాను. "పెద్ద అక్షరం కూడా కనిపించడం లేదా?" అని డాక్టరు కంగారు పడ్డాడు. "కనబడుతాంది సారూ. గది ఏందో తెల్వదు. నేను బడికి పోలే" అన్నాడు మా ఆయన. తర్వాత లైటు వేసి చూసిన డాక్టరు, "ఇవి గద్ద కళ్లమ్మా, నీకేమైనా పిచ్చా?" అన్నాడు. ఆ తిట్టు నాకు ఆశీర్వాదంలా వినిపించింది. దారి పొడుగునా నవ్వుకుంటూ వచ్చాం. నేను నడిరోడ్డు మీద ఆయన చెయ్యి పట్టుకుని నడవడం అదే మొదలు.

గేటు దగ్గర బండి లేదు. మున్సిపాలిటీ ట్రాక్టర్ వచ్చి ఎత్తుకుపోయిందని వాచ్‌మన్ చెప్పాడు. రేకు విరిగిపోయిందట. జామకాయలు రోడ్డంతా దొర్లితే పిల్లలు ఏరుకున్నారట. మేడం బయటికి వచ్చి, "ఆయా, వన్ వీక్ టైం ఇచ్చాను కదా! బండి రిమూవ్ అనే కదా చెప్పాను" అంది. ఆమె కూడా బిక్కముఖం వేసింది. తెలుగు టీచరమ్మ మధ్యలో దూరి, ఐసోర్ అంటే చూడడానికి వికారంగా ఉన్నదని, బ్లైండ్ ఐ అంటే చూసీ చూడనట్టు ఊరుకోవడమని అర్థం చెప్పింది. నా నోరు ఊరుకోలేదు. "బండి మంచిగ లేకుంటే బండి అనాలె మేడం, కన్ను అనుడేంది? మంచిగున్న కండ్లకు వారం రోజులు పట్టీలు కట్టిన గదా!" అన్నాను. మా ఆయన బండి చక్రాల గీతల మధ్య కూలబడి పకపకా నవ్వాడు. నవ్వీ నవ్వీ కళ్ల వెంట నీళ్లు పెట్టుకున్నాడు. చాలాసేపటికి గానీ అది నవ్వు కాదని నాకు అర్థం కాలేదు.

మళ్లీ బండి పెట్టే తాహతు మాకు రాలేదు. ఆయన మిర్చి యార్డులో హమాలీగా చేరాడు. ఆ ఘాటుకు సాయంత్రం ఇంటికొచ్చేసరికి కళ్లు నిప్పుల్లా ఉండేవి. "సూడవే, నీ ఐసోర్ ఇప్పుడొచ్చింది" అనేవాడు. ఒక్కనాడు కూడా నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. తర్వాత దగ్గు పట్టుకుంది, మనిషి ఎండిపోయాడు. ఆయన కన్ను మూసినప్పుడు నాకు ఎవరూ అర్థం చెప్పాల్సిన పని లేకపోయింది.

పోయిన నెల నాకు కంట్లో పొర తీశారు. పెట్టెలో ఉన్న ఆయన నల్లద్దాలే పెట్టుకున్నాను. పిల్ల నవ్వుతోంది, నవ్వనీ. వాటిని పెట్టుకుని కళ్లు మూసుకుంటే ఆ వెర్రి ఆయానే కనిపిస్తుంది, కొంగులో పూలు పోసుకుని, చెప్పులు లేకుండా సందుల్లో పరుగెత్తుతూ. పిచ్చిదానా, కళ్లు బాగానే ఉన్నాయి, పోయి బండి చూసుకోవే అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినదు. దానికి బండి కంటే ఆ కళ్లే ఎక్కువ.