శత్రుపక్షంలో భోజనం

మా ఇంట్లో భోజనాల బల్ల మీద భోజనం తప్ప అన్నీ ఉంటాయి. ఇస్త్రీ చేయాల్సిన బట్టలు, అమ్మాయి ట్యూషన్ కాగితాలు, ఎవరివో తేలని ఛార్జర్లు. ఒక మూల మాత్రం ఒక పళ్ళెం పట్టేంత జాగా మిగిలింది. అది నాది. సాయంత్రం ఏడింటికి వుడ్‌ల్యాండ్స్ స్టేషన్‌లో రైలు దిగి, ఫ్లాట్‌కి చేరి, అన్నం వేడి చేసుకుని ఆ మూలన కూర్చుంటాను. మా ఆవిడ బ్యాంకు ఉద్యోగం లండన్ వాళ్ళ వేళలకు నడుస్తుంది. నేను పళ్ళెం పెట్టుకునేసరికి తను లోపలి గదిలో తలుపేసుకుని వాళ్ళతో మాట్లాడుతూ ఉంటుంది. మా అమ్మాయికి పదిహేనేళ్ళు. ట్యూషన్ నుంచి ఎప్పుడొస్తే అప్పుడు గిన్నె, చెంచా, ఫోను మూడూ పట్టుకుని తన గదిలోకి వెళ్ళిపోతుంది. ఎవరినీ తప్పు పట్టడానికి లేదు. ముగ్గురం కలిసి కూర్చుని తిన్నది ఎప్పుడా అని ఒకరోజు గుర్తు చేసుకుంటే దీపావళి అని తేలింది. అప్పటికి ఉగాది కూడా వెళ్ళిపోయింది.

అలాంటి రోజుల్లో, జురాంగ్ ఈస్ట్ దగ్గర ఒక పెద్ద హాల్లో పాతకాలపు ఐరోపా రాజుల విందు పెడుతున్నారని ఆఫీసులో ఎవరో చెప్పారు. మధ్యలో ఇనప చొక్కాల వీరులు గుర్రాల మీద పోట్లాడుకుంటూ ఉంటారట. చుట్టూ కూర్చుని మనం భోంచేస్తూ ఉంటామట. నాకు గుర్రాలు వినపడలేదు. భోంచేయడం ఒక్కటే వినపడింది. రెండు గంటలపాటు ముగ్గురం ఒకే వరసలో, లేచి వెళ్ళడానికి గదులు లేని చోట!

ఆదివారం మధ్యాహ్నం బుకింగ్‌కి కూర్చున్నాను. మా ఆవిడ వచ్చేవారం తనకు వీలవుతుందో లేదో తెలియదంది. సరే, ముందు నాకూ అమ్మాయికీ రెండు సీట్లు తీసుకున్నాను. ఒక్కో వీరుడిది ఒక్కో రంగు, ఆ రంగు పక్షం వాళ్ళంతా ఒక వైపు కూర్చోవాలట. మావి నీలం పక్షంలో వచ్చాయి. కాసేపటికి తనే గదిలోంచి వచ్చింది.

"నేనూ వస్తానండీ. నాక్కూడా ఒకటి తీసేయండి."

నా చెయ్యి మౌస్ మీద పడేలోగా తన కళ్ళు గోడ మీద పడ్డాయి. ఈ పరాయి దేశంలో మనవాళ్ళ కొట్లుండే సెరంగూన్ రోడ్డులో సరుకులతో పాటు ఊరికే ఇచ్చిన క్యాలెండర్ అది.

"ఆగండాగండి. నాలుగున్నర అయింది. రాహుకాలం."

"గుర్రాలు చూడ్డానిక్కూడా రాహుకాలమా?"

"అసలే కత్తులూ కటార్లూ అంటున్నారు. ఆరు దాటాక చేస్తే మీ సొమ్మేం పోయింది?"

అక్కడితో ఊరుకుంటే నేనెందుకవుతాను? క్యాలెండర్‌లోది ఏ దేశపు నాలుగున్నర అని లేవదీశాను. మన దేశం లెక్క అయితే ఇక్కడ ఏడింటికి మొదలై ఎనిమిదిన్నర దాకా ఉంటుందని గడియారం చూపించి మరీ వాదించాను. వేళాకోళానికే అన్నాను గానీ మా ఆవిడ ఆలోచనలో పడింది. చివరికి రెండు దేశాల రాహువులనూ గౌరవిద్దామని తేలింది. మధ్యలో ఆరు నుంచి ఏడు దాకా ఏ రాహువూ లేని గంట ఒకటుంది. ఆ గంట నేను నిద్రపోయాను.

ఎనిమిదిన్నర దాటాక చూస్తే నీలంలో ఒక్క కుర్చీ లేదు. ఆకుపచ్చలో ఒకటుంది. అంటే ఎదురు గట్టు మీద, మైదానానికి అవతల. ఏ సీటయినా ఒకటే కదా, లోపలికెళ్ళాక ఎవరినైనా అడిగి మార్చుకుందాంలే అనుకుని తీసేసుకున్నాను.

లోపల అడగడానికి ఎవరూ దొరకలేదు. గుమ్మం దగ్గరే అమ్మాయికీ వాళ్ళమ్మకీ నీలం కాగితపు కిరీటాలు పెట్టి ఎడమవైపు పంపేశారు. నాకు ఆకుపచ్చది పెట్టి కుడివైపు తోశారు.

"బై నాన్నా. ఎనిమీ లా నువ్వు," అంది అమ్మాయి నవ్వుతూ, ఈ ఊరి పిల్లలందరిలాగే మాటకి "లా" అని తోక తగిలించి.

"నేనటు వెళ్తానులెండి," అంది మా ఆవిడ.

వద్దన్నాను. ఎలాగూ అలవాటున్నవాణ్ణి నేనే.

నా పక్కన ఒక చైనీస్ పెద్దావిడ. తన కుర్చీ పోకుండా టిష్యూ పాకెట్ పెట్టి వెళ్ళి, అప్పుడే తిరిగొచ్చి కూర్చుంది. హోటళ్ళలో ఈ ఊరివాళ్ళు చేసే పనే. నంబరున్న కుర్చీకి అదెందుకో నేనడగలేదు. నాకంటే పదిహేనేళ్ళు పెద్దదైనా నన్ను అంకుల్ అంది.

"అంకుల్, అలోన్ ఆ?"

కాదని చెప్పి ఎదురుగా చూపించాను. ఆవిడ కళ్ళు చిట్లించి అటు చూసింది, నా కిరీటం చూసింది.

"పోట్లాడుకున్నారా?"

రాహువు సంగతి ఇంగ్లీషులో చెప్పే శక్తి లేక అవునన్నాను.

తిండి వచ్చింది. కాల్చిన కోడికాలు, మొక్కజొన్న కండె, బంగాళాదుంప, చెవులున్న గిన్నెలో సూపు. చెంచాలివ్వరు. ఆ కాలంలో అవి లేవు కాబట్టి అందరూ చేత్తోనే తినాలని గుర్రం మీది వ్యాఖ్యాత అరిచి చెప్పాడు. మా కాలంలోనూ లేవు నాయనా అనుకున్నాను. చుట్టూ అందరూ రెండు చేతులతో కుస్తీ పడుతుంటే, నేను ఎడమ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, కుడి చేతి వేళ్ళ కొసలతో ఎముక నుంచి కండ విడదీశాను. పెద్దావిడ తన కోడికాలు దించి నా చెయ్యి చూసింది. "వా, సో క్లీన్!" అంది. ఇంట్లో చేతకానివాణ్ణని పేరున్న నాకు చేత్తో తినడం మాత్రం చేతనయింది. చూడాల్సినవాళ్ళు మైదానానికి అవతల ఉన్నారు.

రెండేళ్ళ కిందట ఒక ఫుడ్ కోర్టులో అమ్మాయి నా చెయ్యి పట్టుకుని, "నాన్నా, స్పూన్ తీసుకో ప్లీజ్, అందరూ చూస్తున్నారు," అంది. ఆ రోజు నుంచి బయట చెంచాతోనే తింటున్నాను. ఇప్పుడు గుర్రాల కాళ్ళ సందుల్లోంచి చూస్తే తనే మోచేతుల దాకా మసాలా పూసుకుని, మొక్కజొన్న కండె నోటికి అడ్డంగా పట్టుకుని, వాళ్ళమ్మ భుజం మీద వాలి నవ్వుతోంది. చిన్నప్పుడు నేను ముద్ద చేసి అందిస్తే వేలు కూడా కొరికే పిల్ల. పక్కనుంటే ఏం చెప్పేవాణ్ణో తెలియదు. బహుశా ఊరికే తినేవాణ్ణి.

విరామంలో ఫోన్ మోగింది. మా ఆవిడ.

"ఇక్కడొకాయన లేచి వెళ్ళిపోయాడండీ. కుర్చీ ఖాళీ. టిష్యూ పాకెట్ పెట్టేశాను, గబగబా వచ్చేయండి."

పళ్ళెం పట్టుకుని పరుగు లాంటి నడకతో మైదానం చుట్టూ వెళ్ళాను. నీలం మెట్ల దగ్గర బల్లెం పట్టుకున్న భటుడు అడ్డొచ్చాడు. నా కిరీటం చూసి, "మహారాజా, ఇది పరాయి రాజ్యం," అన్నాడు గంభీరంగా. కుటుంబం అక్కడుందన్నాను. అందరూ అదే చెబుతారన్నాడు, అట్ట బల్లెం ఇంకొంచెం అడ్డం పెట్టి. కిరీటం తీసేస్తానన్నాను. అప్పటికి నా గొంతు పెరిగింది కాబోలు, రెండు వరసలవాళ్ళు తలలు తిప్పారు. వాళ్ళ వెనక మా అమ్మాయి నన్ను చూసింది. అరచెయ్యి చిన్నగా, ఎవరికీ కనపడకుండా ఛాతీ దగ్గర పెట్టి ఊపింది. వద్దు నాన్నా, గొడవ చేయకు, వెళ్ళిపో.

"టాయిలెట్ ఎటు?" అన్నాను భటుడితో.

అతను చూపించాడు. చూపించాక వెళ్ళక తప్పదు. సగం తిన్న కోడికాలుతో, కిరీటంతో టాయిలెట్‌లోకి వెళ్ళిన రాజు చరిత్రలో నేనొక్కణ్ణే అయ్యుంటాను. అద్దంలో ఆయన్ని కాసేపు చూసి వెనక్కొచ్చేశాను.

చివరి పోరు నీలానికీ ఆకుపచ్చకీ పడింది. మావాడు గుర్రం మీంచి పడిపోయాడు. ఎదురు గట్టు మీద తల్లీకూతుళ్ళు లేచి గంతులేశారు. నేను చప్పట్లు కొట్టాను. పక్కన పెద్దావిడ నా మోచేతి మీద ఒక్కటేసింది. "అంకుల్! మనం ఓడిపోయాం!"

రైల్లో ఇద్దరూ వేళ్ళు నాకుతూ చెప్పుకుంటూనే ఉన్నారు. నల్లగుర్రం అలిగింది చూశావా, రాణిగారి జుట్టు జారింది చూశావా. నన్నూ అడిగారు. చూశానన్నాను. ఆ వైపు నుంచి నాకు కనపడింది ఎక్కువగా గుర్రాల తోకలు.

ఇంటికి చేరేసరికి ఏడున్నర. ఇస్త్రీ బట్టలు సోఫా మీదికి మార్చి బల్ల ఖాళీ చేశాను. పొద్దుటి అన్నం, పప్పు వేడి చేసి మూడు పళ్ళేలు పెట్టాను.

"ఇప్పుడేగా తిన్నాం," అంది మా ఆవిడ, ఆశ్చర్యంగా. ఎనిమిదింటికి ఏదో కాల్ ఉందట, ఆదివారమైనా. తలుపు పడింది.

"ఐ యామ్ సో ఫుల్ నాన్నా," అంది అమ్మాయి, బాత్‌రూమ్‌లోకి పోతూ.

రెండు పళ్ళేలు తీసి లోపల పెట్టేశాను. నా మూలన నేను కూర్చుని పప్పు కలుపుకున్నాను. సగంలో ఉండగా అమ్మాయి తల తుడుచుకుంటూ వచ్చింది. గదిలోకి వెళ్తుందనుకున్నాను. ఎదురు కుర్చీ లాక్కుని, దాని మీద కాళ్ళు మడిచి కూర్చుంది.

"హోల్ షో నువ్వు మమ్మల్నే చూస్తున్నావ్ కదా. హార్సెస్‌ని చూడలేదు."

"చూశాను."

"లయర్ లా నువ్వు." తువ్వాలు మెడలో వేసుకుంది. "సారీ నాన్నా. అందరూ చూస్తున్నారని..."

"తెలుసమ్మా."

"నువ్వు తిను. నేను చూస్తా."

ఫోన్ తీయలేదు. గడ్డం బల్లకానించి నా చెయ్యి పళ్ళెంలోంచి నోటికీ, నోటి దగ్గర్నుంచి పళ్ళేనికీ తిరగడం చూస్తూ కూర్చుంది. ఒక ముద్ద పైకెత్తి చూపించాను. తల అడ్డంగా ఊపింది. నిజంగానే కడుపు నిండా తిన్నట్టుంది. లోపలి గదిలోంచి మా ఆవిడ ఇంగ్లీషు వినపడుతోంది.

పప్పన్నం అయిపోయింది. పెరుగన్నం కూడా అయిపోయింది. అమ్మాయి లేవబోతున్నట్టు కాళ్ళు కిందికి దించింది. నేను గిన్నె దగ్గరికి లాక్కుని ఇంకొంచెం అన్నం పెట్టుకున్నాను, మళ్ళీ పెరుగు పోసుకున్నాను. నాకూ ఆకలి లేదు.