సువార్తమ్మ గారి నాలుగో మాట

2022 నవంబరు. అప్పటికి నేను కెనడాలోని కేంబ్రిడ్జ్‌లో ఒక ఫ్యామిలీ డాక్టర్ల క్లినిక్‌లో మెంటల్ హెల్త్ నర్సుగా కుదురుకుని చాలా ఏళ్ళయింది. పక్కనున్న వాటర్లూ వాళ్ళకి యూనివర్సిటీలున్నాయి, రైలుంది. ఆ రైలు కిచెనర్‌లో ఆగిపోతుంది, మా ఊరికి బస్సెక్కి రావాల్సిందే. మా పేషెంట్లలో ఎక్కువమంది ఫ్యాక్టరీల్లో, వేర్‌హౌసుల్లో షిఫ్టులు చేసేవాళ్ళు. మందు రాసేది డాక్టరు. ఆ మందు సరిగ్గా వేసుకుంటున్నారా, నిద్ర పడుతోందా, మనసులో ఏం నడుస్తోంది అని అడిగి, మాట్లాడి, కనిపెట్టుకుని ఉండటం నా పని. "కబుర్లకి జీతమిచ్చే దేశానికి వచ్చావు" అంటాడు మా ఆయన. ఆయన నోటి వెంట వచ్చిన కొద్దిపాటి నిజాల్లో అదొకటి.

ఆ పేషెంట్లలో ఒకావిడ సంగతి ఇది. రాస్తానని ఆవిణ్ణి అడిగితే, "రాసుకో. పేరు మాత్రం మార్చు. మార్చేదేదో మంచి పేరు పెట్టు" అంది. అందుకని సువార్తమ్మ అని పెట్టాను.

మొదటిసారి కూతురు గ్రేస్ తీసుకొచ్చింది. గ్రేస్ ఎటోబికోలో ఎయిర్‌పోర్టు దగ్గర ఒక కార్గో ఆఫీసులో పనిచేస్తుంది. తెలుగు బాగానే అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లిష్‌లోనే వస్తుంది. "షి డజంట్ సింగ్ ఎనీమోర్" అంది, అదొక్కటే జబ్బు అన్నట్టు. తర్వాత తెలిసింది, అది చిన్న విషయం కాదని. వాళ్ళ తెలుగు చర్చిలో పాటెత్తేది సువార్తమ్మ గారే. ఆవిడ ఎత్తుకుంటే గానీ మిగతావాళ్ళకి గొంతు లేవదట.

ఆవిడకి అరవై దాటాయి. సొంతూరు బాపట్ల వైపు. కార్ల విడిభాగాలు ప్యాక్ చేసే కంపెనీలో పని. భర్త పోయాక మూడు నెలలు కూడా ఆగకుండా డ్యూటీలో చేరి, రెండేళ్ళు గట్టిగా నిలబడి, ఆ తర్వాత ఒక్కసారిగా చతికిలబడింది. నిద్ర లేదు, ఆకలి లేదు, పనికి సెలవు పెట్టింది. నా గదిలో కూర్చుని ముందు నా బొట్టు వైపు చూసింది.

"అమ్మాయ్, నువ్వు మా వాళ్ళ మనిషివి కాదుగా. నా సంగతి నీకెట్టా అర్థమవుద్ది?"

"అర్థం కానిచోట ఆపి అడుగుతాను ఆంటీ. మీరు విసుక్కోకుండా చెప్పాలి."

"విసుక్కుంటే?"

"మళ్ళీ అడుగుతా."

అప్పుడు కొంచెం నవ్వింది. ఆ నవ్వు చూశాక నాకు ఆవిడ మీద ఇష్టం పుట్టేసింది. నర్సులకి అలా పుట్టకూడదంటారు గానీ, పుడితే ఏం చేస్తాం?

మా పనిలో తప్పకుండా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. చుట్టూ తిప్పకుండా సూటిగా అడగాలి. "చనిపోవాలన్న ఆలోచనలు వస్తున్నాయా ఆంటీ?"

"అమ్మో, తప్పు. అది పాపం కాదూ!" అంది వెంటనే. నేను కుర్చీ ఆవిడ దగ్గరికి జరుపుకున్నాను. అప్పుడు తనే అంది, "పొద్దున్నే ప్రార్థనలో మాత్రం అడుగుతా. ప్రభువా, నా పని అయిపోయింది, నన్ను నీ దగ్గరికి తీసుకుపో అని. చర్చిలో కూడా అట్టానే ప్రార్థన చేస్తా. అందరూ ఆమెన్ అంటారు. సువార్తమ్మ గారికి ఎంత విశ్వాసమో అంటారు."

దీన్ని మేము పాసివ్ ఐడియేషన్ అంటాం. తనకి తాను హాని చేసుకోవాలన్న ఉద్దేశం లేకపోయినా, ఈ బతుకు ముగిసిపోతే బాగుండునని రోజూ అనుకోవడం. అది ముదిరితే ఎటు పోతుందో చెప్పలేం. ఇంగ్లిష్ పేషెంటు నోట వస్తే ఎవరైనా పట్టుకునే లక్షణం, ఈవిడ నోట ప్రార్థనగా వచ్చేసరికి చుట్టూ ఉన్న మంచివాళ్ళంతా మెచ్చుకుంటూ ఉండిపోయారు. వాళ్ళమీద నాకు కోపం రాలేదు. భయమేసింది.

అదే రోజు డాక్టరు చూసి డిప్రెషన్ అని తేల్చి, ఎస్సెస్సారై రకం మందు రాశారు. ఇది తలనొప్పి బిళ్ళలా వేసుకోగానే పనిచేసేది కాదు. వారాల తరబడి వదలకుండా వేసుకుంటేనే గుణం కనిపిస్తుంది. కడుపులో తిప్పకుండా ఉండాలని పొద్దున టిఫిన్ తిన్నాక వేసుకోమన్నారు. గ్రేస్, నేను, ఆవిడ కలిసి సేఫ్టీ ప్లాన్ కూడా రాసుకున్నాం. మనసు మరీ చీకటైన రోజు ఎవరికి ఫోన్ చెయ్యాలి, ఏం చెయ్యాలి అన్నదే ఆ ప్లాన్.

జనవరి చివరికి మనిషి తేటపడింది. నిద్ర వస్తోందంది. ఒకరోజు నా గది బయట కూర్చుని కూనిరాగం తీస్తుంటే తలుపు సందులోంచి విన్నాను, లోపలికి పిలవబుద్ధి కాలేదు.

మార్చి మధ్యకి మళ్ళీ మొదటికొచ్చింది. తల తిరుగుతోందనీ, ఏడుపు ఆగట్లేదనీ గ్రేస్ కంగారుగా తీసుకొచ్చింది. "ద మెడిసిన్ స్టాప్డ్ వర్కింగ్" అంది. డాక్టరు డోసు పెంచుదామన్న ఆలోచనలో ఉన్నారు. సువార్తమ్మ గారేమో వాడిపోయిన మొహంతో గోడకి చేరగిలపడింది. చలిలో వచ్చింది కదా అని టీ కలిపి చేతికివ్వబోయాను.

"వద్దమ్మాయ్. ఉపవాసం."

"ఈ రోజేనా?"

"శ్రమ దినాలు కదా. ఈస్టరు దాకా రోజూ పొద్దుగూకే వరకూ ఏమీ ముట్టం."

నాకెందుకో అనుమానం వచ్చింది. "మరి బిళ్ళ?"

ఆవిడ నా వైపు జాలిగా చూసింది, ఇంత చదువుకుని ఈ మాత్రం తెలియదా అన్నట్టు. "టిఫిన్ తిన్నాక వేసుకోమన్నారు. టిఫిన్ తినట్లా. ఇంక ఎట్టా వేసుకునేది?"

గ్రేస్ తల పట్టుకుంది. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. డాక్టరు మాటా దాటలేదు, దేవుడి మాటా దాటలేదు మహాతల్లి. ఇద్దరి మాటా విని వారాల తరబడి మందు లేకుండా ఉంది. ఆ తల తిరగడం కూడా మందు హఠాత్తుగా ఆగినందువల్లే. డాక్టరుకి చెబితే ఆయన డోసు పెంచలేదు. ఇన్నాళ్ళు మానారు కాబట్టి తక్కువ డోసుతో మొదలుపెట్టి, రాత్రి భోంచేశాక వేసుకోమని మార్చి రాశారు.

అక్కడితో అయిపోయిందనుకుని ఉంటే నేను ఈ ఉద్యోగానికి పనికిరానన్నమాట. ఆవిడ కొత్త మందు సంచీలో పెట్టుకున్న తీరు నాకు నచ్చలేదు. ఎవరిదో వస్తువు మోస్తున్నట్టు పెట్టుకుంది.

"ఆంటీ, మందు ఆగిందని బాధపడ్డారా, సంతోషించారా?"

సంచీ జిప్పు వేసి, మళ్ళీ తీసింది. "సాకు దొరికిందని సంతోషించా" అంది చివరికి. "ఊరందరికీ స్వస్థత కోసం ప్రార్థన చేసేదాన్ని. నేనే ఈ బిళ్ళ మింగుతుంటే నా విశ్వాసమేమైనట్టు?"

దీనికి నేను చదివిన పుస్తకాల్లో ఉన్న జవాబులు ఆవిడకి పనికిరావు. అందుకని మీ పాస్టరు గారితో మాట్లాడవచ్చా అని అడిగాను. పేషెంటు రాతపూర్వకంగా ఒప్పుకోకపోతే మేము బయట ఎవరితోనూ నోరు విప్పకూడదు. రెండు రోజులు ఆలోచించి సంతకం పెట్టింది.

పాస్టర్ దయాకర్ గారికి ముప్పై అయిదు కూడా ఉండవు. వారమంతా వాటర్లూలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఆదివారం చర్చి. అరవై దాటిన సువార్తమ్మ గారు ఆయన్ని అయ్యగారూ అంటుంది, మరుక్షణంలో బాబూ అని మందలిస్తుంది. ఆయన నా గదిలోకి వచ్చి, వందనాలు సిస్టర్ అని కూర్చుని, ఉత్సాహంగా మొదలుపెట్టాడు.

"ఆంటీ, నాకు షుగరుంది. పొద్దున్నే బిళ్ళ వేసుకునే వాక్యం చెప్తాను. తప్పంటారా?"

"షుగరు రక్తంలో ఉంటది బాబూ. ఇది మనసులోది. మనసు ప్రభువుది కదా."

పాస్టరు గారు నా వైపు చూశాడు. నేను కిటికీలోంచి పార్కింగ్ లాట్ వైపు చూశాను. ఆవిడతో వాదించి గెలవాలని వచ్చినవాళ్ళ గతి అంతే.

ఆయన కాసేపు చేతులు నలుపుకుని, ఇక వాదన మానేశాడు. మెల్లిగా అన్నాడు, "గుడ్ ఫ్రైడే నాడు నాలుగో మాట ఈసారి మీరు చెప్పండి ఆంటీ."

నాకు అర్థం కాలేదు, ఆపి అడిగాను. గుడ్ ఫ్రైడే ఆరాధనలో, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల్ని ఏడుగురు ఒక్కొక్కరుగా వివరిస్తారట. నాలుగోది, నా దేవా నన్నెందుకు వదిలేశావు అని కేక పెట్టిన మాట. అది విని నాకు ఒళ్ళు మండింది. ఇంకా పట్టుమని వారం రోజులు మందు వేసుకోని మనిషిని జనం ముందు నిలబెడతానంటాడేమిటి ఈయన? ఆవిడ తేరుకున్నాక చూద్దాం అన్నాను, కాస్త గట్టిగానే.

సువార్తమ్మ గారు కూడా తల అడ్డంగా ఊపింది. "నావల్ల కాదు. నాకు నోరు పెగలట్లా."

"సరే ఆంటీ. నిలబడొద్దు. ఒక్కటే చెప్పండి" అన్నాడాయన. "ఆ మాట అన్నప్పుడు ఆయనకి విశ్వాసం లేదా?"

ఆవిడ కళ్ళు నిండాయి. కొంగు తీసుకుని తుడుచుకోలేదు, అలా కారనిచ్చింది. నాకు మతం గురించి పెద్దగా తెలియదు గానీ, మనిషి లోపల ముడి వదులయ్యే క్షణం తెలుసు. అప్పుడే నాకూ ఒకటి అడగాలనిపించింది.

"ఆంటీ, గ్రేస్ కొత్త కారుకి ప్రార్థన చేశారు. చర్చి పిల్లలు ఇక్కడే స్థిరపడటానికి పెట్టుకున్న పీఆర్ అప్లికేషన్లకి చేశారు. సమోసాలు తినే ముందు కూడా చేస్తారని మీరే చెప్పారు. ఈ బిళ్ళకి ఎప్పుడన్నా చేశారా?"

"దొంగతనంగా మింగేదానికి ప్రార్థన ఏంటమ్మాయ్?"

అనేసి తనే ఉలిక్కిపడింది. ఇన్ని నెలలూ ఆ మందుని ఆవిడ దేవుడికి తెలియకుండా వేసుకుంటోంది. సర్వం తెలిసినవాడని నమ్మే దేవుడికి తెలియకుండా! పాస్టరు గారు ముందు నవ్వాడు, తర్వాత ఆవిడ నవ్వింది, చివరికి నేనూ ఆపుకోలేకపోయాను. పక్కగదిలోంచి రిసెప్షనిస్టు తొంగిచూసి వెళ్ళింది.

ఆ రాత్రి నుంచి అన్నంతోపాటు బిళ్ళ కూడా పళ్ళెం పక్కన పెట్టుకుని, గ్రేస్ వినేలా పైకి ప్రార్థన చేసి వేసుకోవడం మొదలుపెట్టింది. మందు మళ్ళీ పట్టుకోవడానికి టైం పడుతుంది. అందుకని మధ్యలో నా పని నేను చేశాను. బిహేవియరల్ యాక్టివేషన్ అని ఒక పద్ధతుంది. ఉత్సాహం వచ్చాక పని చెయ్యడం కాదు, చిన్న పని మొదలుపెడితే ఉత్సాహం వెనక వస్తుందన్నది దాని సారం. ఆవిడ ఒకప్పుడు వాటర్లూలో కొత్తగా దిగిన స్టూడెంట్లకి పప్పు, పచ్చడి పంపేదట. ముందు ఒక్క డబ్బాతో మొదలుపెట్టించాను. రెండోవారానికి డబ్బాలు చాలట్లేదని నన్నే సతాయించింది.

ఏప్రిల్ మొదటివారంలో ఫోను. "అమ్మాయ్, నాలుగో మాట నేనే చెప్తున్నా. అయ్యగారు అడగలా, నేనే అడిగి తీసుకున్నా. నువ్వు రావాలి."

మా సూపర్‌వైజర్‌ని అడిగి, వెనక వరుసలో కూర్చుంటానన్న షరతు మీద వెళ్ళాను. ఒక ఇంగ్లిష్ చర్చి నుంచి మధ్యాహ్నాలు అద్దెకి తీసుకున్న హాలు అది. తెల్లబట్టలు, పసిపిల్లల ఏడుపులు, బయట కరుగుతున్న మంచు. మూడో మాట అయిపోయింది. సువార్తమ్మ గారు లేచి మైకు దగ్గరికి నడుస్తుంటే నేను కుర్చీ అంచుకి జరిగాను. ఏడ్చి కూలబడిపోతే? మళ్ళీ మందు మానేస్తే?

రాసుకొచ్చిన కాగితం ఏమీ లేదు. మైకు సర్దుకుని చెప్పింది.

"ప్రభువు అంతటాయన కేక పెట్టి అడిగాడు, ఎందుకు వదిలేశావని. నేను మాత్రం అడగలా. అడిగితే విశ్వాసం లేదంటారని నవ్వుతా తిరిగా. మా ఆయన పోయాక నాకు డిప్రెషన్ వచ్చింది. మందు వేసుకుంటున్నా. ప్రార్థన చేసే వేసుకుంటున్నా. పోయినేడు ఇదే హాల్లో నిలబడి, ప్రభువా నన్ను తీసుకుపో అని ప్రార్థన చేశా. మీరంతా ఆమెన్ అన్నారు."

మైకు ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

"మిమ్మల్ని తప్పు పట్టట్లా. మీకు తెలవదు. నాకే తెలవదు. కానీ ఈసారి ఎవరన్నా అట్టా ప్రార్థన చేస్తే ఆమెన్ అనబాకండి. పక్కన కూర్చోబెట్టుకుని, అన్నం తిన్నావా, నిద్రపోయావా అని అడగండి. అవసరమైతే డాక్టరు దగ్గరికి తీసుకుపోండి. నన్ను నా కూతురు తీసుకుపోయింది."

తర్వాత పాటెత్తుకుంది. మొదటి చరణంలో గొంతు వణికింది. ఆ వణుకుని దాచుకోకుండానే పాడింది. ముందు వరుసలో గ్రేస్ తెలుగులోనే పాడుతోంది, పదాలన్నీ వచ్చు ఆ పిల్లకి. నేను వెనక వరుసలో కూర్చుని సిగ్గు లేకుండా ఏడ్చాను.

ఈ కేసు తర్వాత నా పద్ధతిలో ఒక ప్రశ్న చేరింది. చర్చికి వెళ్ళేవాళ్ళనైనా, గుడికి వెళ్ళేవాళ్ళనైనా, మసీదుకి వెళ్ళేవాళ్ళనైనా అడుగుతాను: "మీరు దేవుణ్ణి ఏం అడుగుతున్నారు?" నిద్రా, ఆకలీ అడిగితే సర్దిచెప్పేవాళ్ళు కూడా ఆ ప్రశ్నకి అబద్ధం చెప్పరు. ఉపవాసాలు ఎప్పుడో కూడా అడుగుతాననుకోండి.

కిందటి నెల రాత్రి భోజనాలవేళ సువార్తమ్మ గారు ఫోన్ చేసింది. మందు ఇప్పటికీ డాక్టరు చెప్పినట్టే వేసుకుంటోంది, పనిలోకి కూడా వెళ్తోంది. అవతల పళ్ళేల చప్పుడు వినిపిస్తోంది. "ఉండు, ప్రార్థన చేసుకుని మాట్లాడతా" అని ఫోను పెట్టకుండానే మొదలుపెట్టింది. అన్నానికి, గ్రేస్‌కి, బిళ్ళకి, డాక్టరుకి, నాకు వరసగా స్తోత్రాలు చెప్పింది. ఆ తర్వాత, "ప్రభువా, రేపు పొద్దున్న కూడా నన్ను లేపు, ఆ పిల్లలకి గోంగూర పంపాలి" అంది.

ఇటువైపు నేను, నుదుట బొట్టుతో, చేతిలో అన్నం ముద్దతో, గట్టిగా ఆమెన్ అన్నాను.