సారంగపాణి మామ ఏడు లెక్క

మా కొత్తవాడలో సారంగపాణి మామ దేన్నీ ఒక్కసారికి మెచ్చేవాడు కాదు. పాటైనా, కూరైనా, మనిషైనా ఏడుసార్లయ్యాకే మంచో చెడో చెప్పాలంటాడు. సోమక్క అత్త కొత్త కూర వండి "ఎట్లున్నది?" అంటే "ఇంక ఆర్సార్లు వండు, చెప్త" అనేవాడు. అత్త కూడా తక్కువది కాదు, ఒకసారి వారం రోజులూ కాకరకాయే పెట్టింది.

ఈ జబ్బు ఆయనకు ఒక ఇంగ్లీషు రికార్డు వల్ల పట్టింది. డెబ్భై ఎనిమిదిలో జంపఖానాలు అమ్మడానికి హైదరాబాద్ నుమాయిష్ ఎగ్జిబిషన్‌కు వెళ్లి, పాత సామాన్ల దుకాణంలో అట్ట మీది డిజైన్ నచ్చి కొన్నాడు. మగ్గం మనిషి కదా! లోపల పాట ఉన్న సంగతి ఇంటికొచ్చాక గానీ పట్టించుకోలేదు. ఒక పక్కంతా ఒకటే పాట, ఇరవై రెండు నిమిషాలు. పాడేవాడు నోరు తెరిచేలోపు మన చాయ్ చల్లారిపోతుంది. ఆయనకే అది ఏడోసారికి గానీ ఎక్కలేదట.

ఇక గడప తొక్కినవాళ్లందరూ వినాల్సిందే, నాతో సహా.

"ఎట్లున్నది లింగమూర్తీ?"

"మగ్గాలన్నీ ఒక్కపారి కూలినట్టున్నది మామా."

"ఇది ఒకటోసారి. రేపు రా."

మూడోసారికి ఆ రొదలో నాకొక పిల్లనగ్రోవి దొరికింది. ఐదోసారికి డోలు ఏడేసి దెబ్బలకు తిరుగుతోందని తెలిసింది. ఏడోసారి అయ్యాక, సిగ్గు విడిచి చెబుతున్నాను, మగ్గం మీద కూర్చుని అదే రాగం తీశాను. "ఆ దొరకు కడుపునొప్పి, అంతే" అని తేల్చేసిన అత్త కూడా బియ్యం ఏరుతూ దాన్నే పాడేది.

ఆ ఊపులోనే నేనొక జంపఖానా నేశాను. పట్టీలన్నీ ఆ పాటలాగే ఎటు పడితే అటు తిరిగాయి. మా చేనేత సొసైటీ మేనేజర్ పాండురంగం సార్ విప్పి చూసి, వెంటనే చుట్టేశాడు.

"ఈ కొస ఒక తీరు, ఆ కొస ఒక తీరు! ఇదెవలు కొంటరయ్యా? హాస్టళ్లకు పోయే నీలం పట్టీలే నేసుకో."

ఆరేళ్లుగా అవే నేస్తున్నాను. ఇక జన్మంతా నీలం పట్టీలేనంటే ఏడుపొచ్చింది. జంపఖానా తెచ్చి మామ ముందర పడేశాను.

"సూరత్ పోతాన మామా. పవర్‌లూమ్‌ల చేరుత."

మామ ఒకసారి చూశాడు. "ఎంత మంచిగున్నదిరా! ఫికర్ జెయ్యకు. దీన్ని ఈడ ఉండనియ్, నువ్వు రెండు నెలలు ఆగు."

మర్నాడే దాన్ని రికార్డు ప్లేయర్ ముందు పరిచి, పాండురంగం సార్‌ను పాటకు పిలిచాడు. ఆయన మహా మొహమాటస్తుడు, పైగా అత్త చేసే సర్వపిండి అంటే ప్రాణం. ప్రతి శనివారం వచ్చి, పాట అయ్యేదాకా తల దించుకుని కూర్చునేవాడు. తల దించితే కనిపించేవి నా పట్టీలే.

ఏడో శనివారం పాట ఆగినా ఆయన లేవలేదు. పట్టీల మీద వేలు పెట్టి లెక్కపెడుతున్నాడు.

"సారంగపాణీ, నీ పాట నాకింక ఎక్కలే గని, ఈ జంపఖానా ఎవలు నేసిండ్రు?"

"మన లింగమూర్తే సార్. మీరు వద్దన్నదే."

సార్ జంపఖానా అంచు సర్దాడు. "ఇసొంటియి ఇంకో పది నెయ్యమను."

సూరత్ మూట విప్పేశాను. సంతోషం పట్టలేక మామ దగ్గరికి పరిగెత్తాను.

"నీది ఏడు లెక్క గద మామా, మొదటిసారే మంచిగున్నదని ఎట్ల అన్నవ్?"

మామ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఏం మంచిగుండెరా, అధ్వాన్నముండె! నువ్వు సూరత్ పోతనంటివి, ఏం జెయ్యాలె మరి?"

"ఇప్పుడు?"

"పాట పెట్టినప్పుడల్ల నా చూపు సూది మీదనే గద. దీన్ని సక్కగ చూసింది నాలుగుసార్లే. ఇంక మూడున్నయ్, తొందర పెట్టకు."

అని కళ్లజోడు తుడుచుకుని, నా జంపఖానా ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.