ఆమె మాటకు వెలగాల్సిన ఇల్లు

అతను బడిలో సైన్సు చెబుతాడు. కరెంటు ఉందో లేదో చూసే మీటరు ఎప్పుడూ జేబులోనే ఉంటుంది. అందుకే అత్తవారింట్లో అతనికి ‘మీటరు’ అనే పేరు ఖాయమైపోయింది. అతనూ నవ్వి ఊరుకునేవాడు.

భార్యకు నరాల జబ్బు వచ్చినప్పుడు ముందుగా వేళ్లు మొరాయించాయి. స్విచ్చు నొక్కాలన్నా అతన్నో, చిన్నపిల్లైన కూతుర్నో కేకెయ్యాల్సి వచ్చేది.

"లైటుకి కూడా మనిషిని పిలవాలంటే తల కొట్టేసినట్టుంది. అదొక్కటైనా నా అంతట నన్ను చేసుకోనీ," అందొకరోజు.

ఇల్లంతా ఆమె మాట వినేలా వైరింగు తానే మారుస్తానని అతను అప్పటికప్పుడు మాటిచ్చాడు. ప్రతి స్విచ్చు వెనకా చెయ్యి పెట్టకుండానే కరెంటు వేసి ఆర్పే ఒక రిలే, గదికో మైకు, కర్టెన్లకు మోటార్లు, అన్నిటినీ నడిపించడానికి బీరువా మీద ఒక పెట్టె. ముందు ఆ పెట్టెకు ఆమె గొంతు నేర్పాడు.

"వంటింట్లో లైటు వెయ్యి" అని చెప్పీ చెప్పీ విసిగిపోయి, "ఇంత ఓపిగ్గా నీకెప్పుడైనా పని చెప్పానా?" అని ఆమె నవ్వింది.

తీరా స్విచ్చుబోర్డులు విప్పితే లోపల న్యూట్రల్ వైరే లేదు. అది లేకపోతే రిలే పనిచేయదు. పక్క గది లైను నుంచి లాగి చూస్తే మెయిను ఠక్కున పడిపోయింది. కొత్త వైరు లాగడానికి ఇక గోడలు కొట్టక తప్పలేదు.

చూడవచ్చిన బావమరిది గుమ్మంలోనే ఆగిపోయాడు. "బావా, ఇల్లు బాగుచేస్తున్నావా, పడగొడుతున్నావా?"

"కాస్త ఓపిక పట్టరా."

"ముందు అక్క గదొక్కటీ పనిచేయించు. మిగతావి నిదానంగా చూసుకోవచ్చు."

"అన్నీ అయ్యాకే ఆన్ చేస్తాను. సగం పనిచేసి సగం చెయ్యకపోతే మీ అక్కకి నమ్మకం పోతుంది."

నిజానికి అతనికి భయం. పాప ఎక్కడ వేలు పెడుతుందోనని బిగించిన జాయింటునే మళ్లీ విప్పి బిగించేవాడు. గోడల్లో సిమెంటు ఆరేదాకా జబ్బు మాత్రం కాచుకుని కూర్చోలేదు.

అంతా సిద్ధమై ఆన్ చేసిన రోజు ఆమె నోరు తెరిచి చెప్పింది. మాట నోట్లో దూది కుక్కినట్టు వచ్చింది. పెట్టె ఉలకలేదు, పలకలేదు.

మాటను పోల్చుకోవడంలో పెట్టెకున్న పట్టింపు తగ్గించి చూశాడు. ఆమె దగ్గితే లైట్లన్నీ వెలిగాయి. కుర్చీ జరిపితే కర్టెన్లు మూసుకున్నాయి.

"దయ్యాల కొంపలా..." అనబోయిన బావమరిది అక్క మొహం చూసి ఆగిపోయాడు.

మళ్లీ రికార్డు చేశాడు. పెట్టె ఆ గొంతు నేర్చుకునేసరికి ఆమె గొంతు ఇంకొంచెం జారిపోయేది. గ్రాఫు గీస్తే ఆ గీత ఎటు పోతోందో సైన్సు చదివినవాడికి ఇంకొకరు చెప్పనక్కర్లేదు. అయినా రికార్డు చేస్తూనే ఉన్నాడు.

ఒక సాయంత్రం ఆమె ఏదో అంది. పెట్టె పలకలేదు. అతనే లేచి లైటు వేశాడు. కాదన్నట్టు తల కదిలించింది. ఫ్యాను వేశాడు. అదీ కాదు. కర్టెను తీశాడు.

"మళ్లీ చెప్పవూ," అన్నాడు మంచం మీదికి వంగి.

ఆమె చెప్పింది. అతనికి అర్థం కాలేదు. ఇన్నాళ్లూ పెట్టెకే తెలియడం లేదనుకున్నాడు.

"నీళ్లా? దుప్పటా? పాపని పిలవనా?"

ఇక వద్దులే అన్నట్టు ఆమె మొహం గోడవైపు తిప్పుకుంది. లైటు ఉంచాలో ఆర్పాలో తెలియక అతను స్విచ్చు దగ్గరికి వెళ్లి నిలబడిపోయాడు.