నాయనమ్మ నేర్చుకున్న ఆయాసం

అమ్మకు ఉబ్బసం. చలికాలంలో నీళ్ల బిందెతో వీధి కుళాయి నుంచి మా గడప దాకా రావడానికి మూడుసార్లు ఆగేది. మరాఠీ ఊళ్లో తెలుగువాళ్లుండే దాజీ పేట్‌లో మాది ఒంటి గది ఇల్లు. గోడకు అవతల మరమగ్గాలు ఆడుతుంటే, ఆ చప్పుడులో అమ్మ ఊపిరి మాకు వినిపించేది కాదు. కరెంటు పోయి మగ్గాలు ఆగినప్పుడే వినిపించేది. అందుకే నాకు కరెంటు పోతే భయం.

నాన్న ఆ మగ్గాల మీదే పనిచేసేవాడు. అమ్మ ఇంట్లో బీడీలు చుట్టేది. బీడీ కార్మికులకు ప్రత్యేకంగా ఒక దవాఖానా ఉండేది. కార్డు చూపిస్తే మందులు ఊరికే ఇచ్చేవాళ్లు. బయట కొనాలంటే మాకు నెల పొడుగునా అందేవి కావు. చిక్కల్లా ఒక్కటే, కార్డు అమ్మ పేరు మీద లేదు. అది నాయనమ్మది. కుటుంబం అని రాసిన చోట చనిపోయిన తాతయ్య పేరు తప్ప ఇంకే పేరూ లేదు. నాయనమ్మకు కళ్లు మసకబారాక పని అమ్మ చేతికి వచ్చింది, పేరు మాత్రం మారలేదు. పేరు మార్చమని అడిగితే ఉన్న పని కూడా పోతుందేమోనని మా పేటలో చాలా ఇళ్లలో ఇలాగే నడిచేది.

నేను తొమ్మిదో తరగతిలో ఉన్న ఏడు అమ్మకు బాగా ముదిరింది. అప్పుడు నాయనమ్మ ఒక ఉపాయం పన్నింది. తనకే ఉబ్బసం అని చెప్పి మందులు తెస్తానంది. అమ్మ ఎదురుగా కూర్చుని, ఆమెలాగే భుజాలు ఎగరేస్తూ, మెడ ముందుకు చాచి, ఊపిరి లాగడం నేర్చుకుంది.

"సరిగ్గ ఉన్నదా కోడలా?"

"గంత దగ్గకు అత్తా, దవాఖానాల భర్తీ చేసుకుంటరు" అని అమ్మ నవ్వబోయి నిజంగానే దగ్గింది.

చీటీలు చదవడానికి నేను తోడు వెళ్లాను. బడిలో హాజరు పలకడానికే గొంతు పెగలని దాన్ని. ఏం చెప్పాలనుకున్నా ఇంటికొచ్చి డైరీలో రాసుకోవడమే నాకు తెలుసు.

డాక్టరమ్మ నాయనమ్మ వీపు మీద గొట్టం పెట్టి విన్నది. మళ్లీ విన్నది. "ఆజీ, ఛాతీ ఎక్‌దమ్ సాఫ్ ఆహే" అంది.

"సాఫ్ ఎట్లుంటది బాయి? మంచిగ సూడు. పొద్దుగాల గూడ ఊపిరాడలే."

డాక్టరమ్మ నా వైపు తిరిగి, మరాఠీలో మెల్లగా అడిగింది: "ఎవరికి బాగాలేదు?"

నాయనమ్మ నా చెయ్యి గిచ్చింది. నేను నేల చూస్తూ "మా అమ్మకు" అన్నాను. అక్కడితో ఆగక, "బీడీలు చుట్టేది కూడా అమ్మే" అనేశాను. అన్నాక తెలిసింది ఏం చేశానో. కార్డు పోవచ్చు. దాంతోపాటు అమ్మ పని కూడా పోవచ్చు.

డాక్టరమ్మ కోప్పడలేదు. మందులు ఇవ్వనూ లేదు. అమ్మే చుడుతుందని బీడీ కార్ఖానా వాళ్ల చేత రాయించుకొస్తే అమ్మ పేరున కార్డు చేయిస్తానంది.

దారిలో అశోక్ చౌక్ దగ్గర నాయనమ్మ నా వైపు తిరిగింది. "నోట్లె మాటనే లేదనుకుంటిమి. వస్తె వచ్చె గని, గక్కడ్నే రావాల్నా?" అంది.

మర్నాడు ముగ్గురం కార్ఖానాకు వెళ్లాం. బీడీలు పరీక్షించే చెకరంటే పేటంతా హడలు. బాగా లేని కట్టలు పక్కకు విసిరేసేవాడు, వాటికి కూలి ఉండదు. అత్త చుట్టినవని చెప్పి కట్టలు అప్పగించే అమ్మ, రోజూ అతన్ని తిట్టుకునేది. నాయనమ్మ నేరుగా అతని ముందు నిలబడింది.

"కొడుకా, ఇన్నేండ్లు నా పేరు మీద కోడలు చుట్టింది. తప్పు నాది. ఏమన్న జేసుకో, దాని దమ్ము మందులకు మాత్రం ఒక కాగితం రాసియ్యి."

అతను ఒక బీడీ తీసి దారం చూపించాడు. "గిది నువ్వు చెప్పాల్నా అవ్వా? నువ్వు చుట్టిన దినాలల్ల దారం గిట్ల తిరుగుతుండె. ఎనిమిదేండ్ల సంది ఉల్టా తిరుగుతున్నది. నీ కోడలిది ఎడమ చెయ్యి. నేను చెకర్ననా, గుడ్డోన్ననా?"

"మరి ఎన్నడు చెప్పలేదేందన్నా?" అంది అమ్మ.

"చెప్తె నువ్వేం తింటుంటివి?" అంటూనే రెండు కట్టలు పక్కకు విసిరాడు. "మూతులు సరిగ్గ మడవలే. దమ్మున్నా లేకున్నా గివి నడువయ్."

కాగితం రాసి ముద్ర కోసం లోపలికి వెళ్లాడు. తెలిసి కూడా ఊరుకున్నాడని తేలితే అతని కొలువుకే ముప్పు. మెట్టు మీద కూర్చున్న అమ్మ ఊపిరిని లెక్కపెడుతూ నిలబడ్డాను. లోపల ఏం మాట్లాడాడో ఇప్పటికీ మాకు తెలియదు. చాలాసేపటికి ముద్ర పడిన కాగితంతో బయటికొచ్చి, అమ్మ చేతికిచ్చి, తర్వాతి ఆమెను పిలిచాడు. థాంక్స్ చెప్పడం కూడా నాకు చేతకాలేదు. ఆ రాత్రి రాసుకున్న పేజీ మొత్తం అతని గురించే.

ఎండలు ముదరకముందే అమ్మ ఫొటోతో కార్డు వచ్చింది. మొదటి రోజు డాక్టరమ్మ అమ్మ వీపు మీద గొట్టం పెట్టి వింటుంటే, నాయనమ్మ తనూ వింటానని పట్టుబట్టింది. డాక్టరమ్మ నవ్వి, గొట్టం తీసి ఆమె చెవులకు పెట్టింది. నాయనమ్మ ముఖంలో అల్లరి పోయింది.

"అయ్యో, లోపల పిల్లికూనలు ఏడుస్తున్నయ్ గదనే" అంది.

పైకి కనిపించే ఆయాసమంతా అచ్చంగా నేర్చుకున్న మనిషి, లోపలి చప్పుడు వినడం అదే మొదలు. ఇంటికొచ్చాక అమ్మ చేతిలోంచి తంబాకు జల్లెడ లాక్కుంది. ఆ రోజు నుంచి ముక్కుకు కొంగు కట్టుకుని, మసక కళ్లతో తడుముకుంటూ, వాకిట్లో తనే జల్లించేది.

అమ్మ ఉబ్బసం తగ్గిపోలేదు, తగ్గే జబ్బు కాదు. కానీ మందు లేని నెల మా ఇంట్లోకి మళ్లీ రాలేదు.