జైపూరు రెండు గంటలే

చాలా ఏళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఇప్పుడది బరువుగా కూడా అనిపించడం లేదు. తిమ్మిరెక్కిన చెయ్యిలా నాతో ఉంటోంది, అంతే. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మార్టూరులో గ్రానైట్ పాలిష్ పట్టే యూనిట్‌లో సూపర్‌వైజర్‌ని. అప్పట్లో మా దగ్గర భన్వర్ అనే రాజస్థాన్ మనిషి పనిచేసేవాడు. నల్లరాయికి ఆఖరి మెరుగు అతను పెట్టాల్సిందే. చిన్నప్పుడే అమ్మానాన్నలు పోతే అన్నే పెంచాడట. అన్నాల దగ్గర కూర్చుంటే ఆ అన్న కబుర్లే.

ఒకరోజు పొద్దున్నే ఫోన్ పట్టుకుని నా గదిలోకి వచ్చాడు. అన్న జైపూరు ఆసుపత్రిలో ఉన్నాడు. రేపు సాయంత్రం దాటడం కష్టమన్నారట.

“సార్, విమానంలో పోతే జైపూర్ ఎంతసేపండీ? నేనెప్పుడూ ఎక్కలేదు. మీకు తెలుసు కదా.”

తెలుసు. అంతకుముందే మా ఓనరుతో రాళ్ల ఎగ్జిబిషన్‌కి జైపూరు వెళ్లొచ్చాను. కారులో హైదరాబాదు ఎయిర్‌పోర్టుకి ఐదారు గంటలు, అక్కణ్నుంచి గాల్లో రెండు గంటలు. అప్పుడు బయల్దేరితే రాత్రికల్లా అన్న మంచం పక్కన ఉండేవాడు.

కిటికీలోంచి గేటు దగ్గర ఆగిన కంటైనర్ కనిపిస్తోంది. అందులోకి ఎక్కాల్సిన పలకలు సగం కూడా పూర్తికాలేదు.

“విమానమైనా రైలైనా నీకొకటే భన్వర్. ఢిల్లీలో దిగాలి, అక్కడ రోజంతా పడుంటే గానీ ఇంకోటి దొరకదు. ఎట్టా పోయినా ఎల్లుండే. ఈ పలకలు కానిచ్చి సాయంత్రం రైలెక్కు.”

“అంతేనంటారా సార్?”

“అంతేరా.”

తల ఊపి మెషిన్ దగ్గరికి వెళ్లిపోయాడు. ఆ రోజు అతను పట్టిన పాలిష్‌లో వంక పెట్టడానికేమీ లేదు.

ఓనరు నన్ను అలా చెప్పమన్నాడా? లేదు. ఒక ఫోన్ చేస్తే పంపించెయ్యమనేవాడేమో. నేను చెయ్యలేదు. లోడు ఆలస్యమైతే నన్నంటారని భయపడ్డానని ఇన్నాళ్లూ నాకు నేనే చెప్పుకున్నాను. కానీ అంత భయం వేసినట్టు కూడా గుర్తులేదు. అతని అన్న చావు నాకు ఎక్కడో దూరంగా, నాకు సంబంధం లేని ఊళ్లో జరుగుతున్న విషయంలా అనిపించింది. పలకలు మాత్రం కళ్లెదురుగా ఉన్నాయి. ఇంతకన్నా పెద్ద కారణం వెతికాను. దొరకలేదు.

భన్వర్ రైల్లో ఉండగానే అన్న పోయాడు. చివరిదాకా తెలివిలోనే ఉన్నాడట. తలుపు చప్పుడైనప్పుడల్లా భన్వర్ వచ్చాడా అని అడిగాడట.

ఈ మాటలన్నీ భన్వరే చెప్పాడు, గుండు చేయించుకుని తిరిగొచ్చిన రోజు. చెప్పి నా చెయ్యి పట్టుకున్నాడు.

“విమానంలో పోయుంటే అందేవాడినేమో అని మా వదిన ఏడ్చింది సార్. మీరు చెప్పింది చెప్పాను, ఎట్టా పోయినా అందేది కాదని. అప్పుడు ఊరుకుంది.”

నేను అవునన్నాను.

నిజం చెబితే వాళ్లకున్న ఆ కాస్త ఊరటా పోతుందని ఊరుకున్నానా, నన్ను నేను కాపాడుకున్నానా? రెండోదే. మొదటిది తర్వాత కల్పించుకున్నాను.

భన్వర్ ఇప్పుడు ఇక్కడ లేడు. నంబరు ఉంది. చెయ్యను. క్షమించమని అడిగే ఉద్దేశం లేదు, మిమ్మల్ని కూడా. ఆ రోజు విమానమెక్కుంటే అన్నకి ప్రాణం ఉండగానే అతను చేరుకునేవాడు. ఆ సంగతి తెలిసే కాదన్నాను. ఈ మాట ఇవాళ మొదటిసారి నా నోటితో పైకి అన్నాను.